నాగక్క బీడు చేను

నాగక్కకు కోపం ముక్కు మీదే ఉంటుంది. చర్ల దగ్గరి ఆ అడవి ఊళ్లో అందరూ ఆమెకు జంకేవాళ్లు, నాతో సహా. 2008లో పోడు భూములకు పట్టాలిచ్చే సర్వేలో నేను కంప్యూటర్ ఆపరేటర్ని.

2005 డిసెంబరు నాటికి సాగులో ఉన్న భూమికే పట్టా. అప్పటి ఉపగ్రహం ఫోటోలో రంగులు చూసి, ఏది చేనో ఏది అడవో కంప్యూటరే తేల్చేసేది. దాని తెలివికి నేను తెగ మురిసిపోయేదాన్ని. అది నాగక్క మూడెకరాలనూ అడవి అంది. అవి పోతే ఆమెకు వేరే బతుకు లేదు.

"ఆ ఏడు చేను బీడు పెట్టిన. మూడేండ్లు పండిస్తం, మూడేండ్లు ఇడుస్తం. భూమికి అలుపుండదా?" అంది నాగక్క.

"కంప్యూటర్‌కు చెట్లే కనబడ్డయి నాగక్కా," అన్నాను.

"ఎండకాలం మీ సర్కారు బడికి తాళమేస్తరు గద బిడ్డా. గప్పుడు ఫోటో తీస్తే బడే లేదంటదా మీ డబ్బా?"

సర్వే అధికారి క్రాంతికుమార్ సారు నవ్వి, చేను చూపించమన్నారు. ఆమె నడుస్తుంటే మేం పరుగెత్తాం. పొదలు తప్పించి మోకాలెత్తు మొద్దులు చూపించింది. వేరు చావకుండా మళ్లీ చిగురించాలని పోడు కొట్టేవాళ్లు అంత ఎత్తున నరుకుతారు. మధ్యలో గొడ్డలి తగలని ఇప్పచెట్లు నాలుగు. పువ్వు కోసం ఇప్పను వాళ్లు నరకరు. సాక్ష్యమంతా నేల మీదుంటే ఫోటోను నమ్ముకుని కూర్చున్నందుకు సిగ్గేసింది.

ఊరి పెద్దల మాట కూడా చట్టం ప్రకారం సాక్ష్యమే. సారు పెద్దలను పిలిపించి, అది సాగు భూమేనని రాయించి, నాగక్కను వేలిముద్ర వేయమన్నారు.

ఆమె చెయ్యి చాపలేదు. "మా ఊళ్ల ఇంకెన్ని చేన్లను అడవి అన్నది మీ డబ్బా?"

"పదకొండు," అన్నాను.

"అవ్, అన్నీ బీళ్లే. ముందుగాల వాళ్లయి చూడుండ్రి."

"సర్వేకు ఇయ్యాల్నే ఆఖరు రోజు నాగక్కా. నీది పోతది," అని బతిమాలాను.

"నాది రాసినంక మీరు జీపెక్కుతరు. నాకు ఎరుకే."

సారు తల దించుకున్నారు. తర్వాత డ్రైవర్ని జీపు నీడకు పెట్టమన్నారు.

పొద్దు గూకేలోపు పదకొండు బీళ్లూ తిరిగాం. ఒక్కటీ అడవి కాదు. కాళ్లు వాచినా నా సంతోషం పట్టలేకపోయాను. పన్నెండో వేలిముద్ర నాగక్కది.