రాజవ్వత్త చదివిన రెండో నవల

నిన్న సిటీ బస్సులో ముందు సీటాయన బీడీ ముట్టించాడు. ఆ పొగ నా ముక్కులో దూరడమేమిటి, నేను తుమ్మిన తుమ్ముకు కండక్టరు టోపీ మూడు స్టాపుల అవతలి కుమఠా నాకా దాకా ఎగిరిపోయింది. అందరూ నన్ను తిట్టుకుంటుంటే నాకు మాత్రం ఆ పొగలో రాజవ్వత్త గొంతు వినిపించింది.

యాభైలలో సోలాపూర్‌లోని మా నేతవాడలో మగవాళ్లు మగ్గాల మీద, ఆడవాళ్లు బీడీల మీద బతికేవాళ్లు. మధ్యాహ్నమైతే ఆడవాళ్లంతా మా పక్కింటి రాజవ్వత్త అరుగు మీద చాటలు ముందేసుకుని కూర్చునేవాళ్లు. వాళ్లలో చదువు వచ్చింది ఆమె ఒక్కతెకే. ఆమె నవల చదివేది, మిగతావాళ్లు వింటూ చుట్టేవాళ్లు. పుస్తకం పట్టుకున్న చేతులు బీడీలు చుట్టలేవు గనుక తలా కొన్ని ఆమె చాటలో వేసేవాళ్లు. ఆమె విషాద ఘట్టం చదివిందంటే కన్నీళ్లకు తంబాకు ముద్దయ్యేది. ఆ బీడీలు వెలగడం లేదని ఊరూరి నుంచీ తిరిగొచ్చేవి.

ఒక నవలాకారుడంటే ఆమెకు ప్రాణం. ఆయన మొదటి నవలలో రేవతి అనే పిల్ల పెళ్లిపీటల మీది నుంచి లేచి బడికి పోతుంది. అది విని విని మా అమ్మ నన్ను బడిలో వేసింది. నాయనమ్మకు గిట్టలేదు. నాకు పద్నాలుగో ఏడు రాగానే లగ్నం చేసెయ్యమని అరవసాగింది. ఆమె అరుపు ముందు పాళీకి కూతపెట్టే మిల్లు భోంగా సిగ్గుపడి మూగబోయేది.

సరిగ్గా అప్పుడే, అన్నేళ్ల తరవాత, రేవతి కథకు రెండో భాగం అచ్చయింది.

"మల్లవ్వత్తా, పందెం!" అంది రాజవ్వత్త మా నాయనమ్మతో. "గిండ్ల రేవతి బాగుపడితే పోరి శాళకు పోవాలె, బడి మాన్పొద్దు. చెడితే నీ ఇష్టం, లగ్నం చెయ్యి."

"నీ రాతగాడు మోసం చేస్తే?"

"సూర్యుడన్న తప్పుతడు గని ఆయన తప్పడు."

చివరి పుటలు చదివిన రోజు వాడంతా అరుగు మీదే ఉంది. రేవతి ఉద్యోగం మానేసింది. తండ్రి కాళ్ల మీద పడి, చదువే తనను పాడు చేసిందని ఏడ్చింది. అక్కడితో ఆగిందా? తన కూతురిని బడి మాన్పించింది! తునికాకులు కోసే కత్తెరలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. నా గుండె చప్పుడుకు పక్క వీధి మగ్గాలు తాళం తప్పాయి.

మిగిలిన పుటైనా మార్చి చదవమని అమ్మ కళ్లతోనే వేడుకుంది. అందులో ఏముందో చూసి చదవడం రాజవ్వత్తకూ నాకూ తప్ప అక్కడ ఎవరికీ రాదు. ఆమె మంచినీళ్లు తాగి, ఒక్క ముక్క విడవకుండా చివరిదాకా చదివింది.

"అరే బాప్‌రే! గీమె మన రేవతేనా?" అంది ఎవరో ఒకామె.

రాజవ్వత్త తన చాటలోని బీడీలను అందరి వైపూ తోసేసింది. "తీస్కోండ్రి. గీ పుస్తకానికి నాకు బీడీలొద్దు."

అమ్మ ఆగలేకపోయింది. "నాలుగు మాటలు మారిస్తే నీ సొమ్మేం పోయేదక్కా? నా బిడ్డ గొంతు కోస్తివి గద!"

"ఇది మారిస్తే, మొదటిది గూడ మార్చే చదివిన్ననుకుంటరు చెల్లే. ఆ రేవతి నిజం. గీమెను ఆయన చెడగొట్టిండు."

పందెం గెలిచిన నాయనమ్మ అరుపు కోసం అందరం చెవులు మూసుకున్నాం. అరుపు రాలేదు. ఆమె రాజవ్వత్తనే చూస్తోంది.

"నువ్వు అబద్ధం చదువుతవు, పట్టుకుందమని కూసున్ననే. ఓడిపోతవని తెల్సి గూడ ఉన్నదున్నట్టు చదివితివి. ఈ పోరి చదువుకుంటే నీ లెక్కనే అయితదా?"

"నా కంటే మొండిదయితది."

"అయితే పోనీయ్ శాళకు. నీ రాతగాడు మాత్రం నా కండ్ల పడొద్దు."

రాజవ్వత్త ఆయన పుస్తకం ఇంకొకటి తెప్పించలేదు. మొదటి నవలను మాత్రం అట్ట ఊడేదాకా చదివింది. ఆమె చలవతో చదువుకున్న నేను ఇప్పుడు హాస్యం రాసి బతుకుతున్నాను. రాసేటప్పుడు దోమకు తొండం, దంతాలు, అంబారీ కూడా పెడతాను. అది నా వృత్తి. ఇంకొకరి పుస్తకం నలుగురికి చదివి వినిపించేటప్పుడు మాత్రం ఒక్క అక్షరం కదపను. నాకు ఎదురు తిరిగే పుట వస్తే, గొంతు ఇంకాస్త పెంచుతాను.