మావయ్యకు చదివి వినిపించిన చైనా

మొన్నామధ్య పరిశోధన చేస్తున్న అమ్మాయెవరో ఫోన్ చేసి, ఎం.కాం.లో నేను చైనా ఆర్థిక వ్యవస్థ మీద రాసిన డిసర్టేషన్ లైబ్రరీలో అడుగు అరలో దొరికిందనీ, కమ్యూన్ల గురించి ఆ రోజుల్లోనే అంత తెగువగా ఎలా రాయగలిగారండీ అనీ మెచ్చుకుంది. థాంక్సమ్మా అని పెట్టేశాను గానీ ఆ పూట నాకు అన్నం సయించలేదు. అది ఏనాడో చెదలు తినేసి ఉంటుందిలే అని ఇన్నేళ్ళూ నన్ను నేను సముదాయించుకుంటూ వచ్చాను.

ఎనభైల మధ్యలో గుంటూరులో ఎం.కాం. చదివే ఆడపిల్లల్లో కూలి పని చేసే ఇంటినుంచి వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మా ఊరు ప్రత్తిపాడుకు అవతల. అమ్మా నాన్నా మిరప కోతలకూ పత్తి తీతలకూ వెళ్ళేవాళ్ళు. నన్ను చదివించాలన్న పట్టు మాత్రం మా మేనమామది. నాలుగో తరగతితో బడి మానేసినా చదివే పిచ్చి మానని మనిషి. మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఎర్రజెండాలవాళ్ళు ఊళ్ళలో బల్లలు వేసి చౌకగా అమ్మే రంగుల బొమ్మల చైనా పత్రికలు. ఆయన పనిమీద అద్దంకి వెళ్ళినా పర్చూరు వెళ్ళినా అవి తెచ్చుకుని, పత్తి చేలో నవ్వుతూ నిలబడ్డ చైనా ఆడవాళ్ళ ఫొటోలు కత్తిరించి, యేసుప్రభువు పటం పక్కనే అన్నం మెతుకులతో అంటించేవాడు. పాస్టరుగారు ప్రార్థనకు వస్తే పాపం కొంచెం పక్కకు తిరిగి మోకరించేవారు.

ఆ బొమ్మలు చూసి మావయ్య ఒక పెద్ద పని తలకెత్తుకున్నాడు. మా పేటకు ప్రభుత్వం ఇంటికింత అని ఇచ్చిన భూమిని విడివిడిగా దున్నుకుంటే ఎవరికీ గిట్టదని, గడప గడపకూ తిరిగి బతిమాలి, పద్నాలుగు ఇళ్ళ చేత ఉమ్మడి సేద్యం చేయించాడు. సగం పత్తి, సగం మిరప. కల్లంలో ఎండిన కాయలు పంచుకునేటప్పుడు పురిటి మంచంలో ఉన్నదానికీ, కాలు విరిగి ఇంట్లో పడి ఉన్నవాడికీ అందరితో సమానంగా వాటా వెళ్ళేది. సెలవుల్లో నేనూ ఒడి కట్టుకుని ఆ చేలో పత్తి తీసేదాన్ని.

మా గైడుగారు నాకు చైనా ఇచ్చారని తెలిసి మావయ్య పొంగిపోయాడు. నేను ఇంటికి వెళ్ళినప్పుడల్లా, "ఏమ్మాయ్, ఆళ్ళ పత్తి పీచు మనదానికన్నా పొడుగంటావా?" అని అడిగేవాడు. నాకేం తెలుసు, ఏదో ఒకటి చెప్పేదాన్ని. లైబ్రరీ పుస్తకాల్లో మాత్రం వేరే చైనా ఉంది. అక్కడ ఊరంతా ఉమ్మడిగా సేద్యం చేసే కమ్యూన్లు రద్దుచేసి కుటుంబాలవారీగా పొలాలు అప్పగిస్తున్నారనీ, దిగుబడి పెరిగిందనీ వాటి సారాంశం. అదంతా పోగేసి, అందరిదీ అయిన పొలంలో ఎవరూ ఒళ్ళు వంచరని నాలుగో అధ్యాయం చివర తేల్చేశాను. గైడుగారు దాని పక్కన 'ఎక్సలెంట్' అని రాస్తే వారం రోజులు నేల మీద నిలవలేదు.

ఆ ఊపులోనే డిసర్టేషన్ ఇంటికి తీసుకెళ్ళాను. అప్పటికి పేటలో కొందరు కుర్రవాళ్ళు, పత్తి బాగా పలుకుతోంది, ఎవరి చెక్క వాళ్ళకు పంచమని గొడవ పడుతున్నారు. వాళ్ళ నోళ్ళు చైనాతో మూయించవచ్చని మావయ్య ఆశ. ఆదివారం ఆరాధన అవగానే పద్నాలుగు ఇళ్ళవాళ్ళనూ చర్చి వరండాలో కూర్చోబెట్టి, దాన్ని తెలుగులో చెప్పమన్నాడు. మొదటి అధ్యాయం వినిపించి ఊరుకోవచ్చు. అందులో కమ్యూన్లు తవ్విన కాలవలున్నాయి, కట్టిన బడులున్నాయి. ఆ ఆలోచన నాకు వచ్చింది కూడా. కానీ అంతమంది పెద్దవాళ్ళు నోరు తెరుచుకుని నా చదువు వింటుంటే గర్వం నెత్తికెక్కింది. నాలుగో అధ్యాయమే తీశాను.

చదవడం అయ్యాక మావయ్య తమ్ముడి కొడుకు లేచి, "ఇన్నావా పెదనాన్నా, చైనావోళ్ళే పంచేసుకున్నారంట" అన్నాడు. మావయ్య వాడివైపు చూడలేదు. నావైపు తిరిగి, "నిజమేనంటమ్మా?" అని అడిగాడు. నిజమేనన్నాను, పుస్తకాల్లో ఉందన్నాను. ఆయన తుండు దులుపుకుని, "అయితే పంచుకోండిరా" అని లేచాడు. పోతూ పోతూ నా తల నిమిరి, బాగా చదివావని కూడా అన్నాడు.

దుక్కులు మొదలయ్యేలోపే గట్లు వేసేశారు. తర్వాతి ఏళ్ళలో పత్తికి తెల్లదోమ పట్టింది. పక్కవాడి చెక్కలో ఏమవుతోందో పక్కవాడికి పట్టలేదు, ఒక్కొక్కరే పెద్ద రైతులకు వదిలేసుకున్నారు. మావయ్య అదే నేలలో కూలికి పత్తి తీశాడు. చనిపోయేదాకా నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ముప్పై ఏళ్ళు లెక్చరరుగా పనిచేశాను. చైనా పాఠం వచ్చిన ప్రతిసారీ ఆఖరి బెంచీలో తుండు భుజాన వేసుకుని ఎవరో కూర్చున్నట్టుండేది. నిజమేనంటమ్మా అని అడుగుతాడేమోనని అటువైపు చూడకుండా గంట గడిపేదాన్ని.

మావారికి కూడా చెప్పని సంగతి ఒకటుంది. ఆ ఆదివారం తర్వాత నాలుగు రోజులకు వైవా. బయటినుంచి వచ్చిన పెద్దాయన మెత్తగా, పుస్తకాలు సరేనమ్మా, ఈ చుట్టుపక్కల ఎక్కడైనా పదిమంది కలిసి చేసే పొలం చూశావా, అక్కడ మనుషులు ఎలా పనిచేస్తారు అని అడిగారు. చూశానంటే ఏ ఊరంటారు, ఎవరి పొలమంటారు, నువ్వెందుకెళ్ళావంటారు. ఒడి కట్టుకుని కూలివాళ్ళతో పత్తి తీశానని ఆ గదిలో చెప్పలేక, "లేదండి" అన్నాను. ఆయన తలూపి మంచి మార్కులే వేశారు. నిజానికి ఆ చేలో కలుపు మొక్క కనిపించేది కాదు. ఒకరు నడుం వాల్చితే పదమూడు ఇళ్ళ ఆడవాళ్ళు తగులుకునేవాళ్ళు. ఏ పుస్తకంలోనూ లేదు కనుక నేనూ రాయలేదు.

ఆ చేల నల్లరేగడిలో ఇప్పుడు సిమెంటు రాళ్ళు పాతి ఇళ్ళస్థలాలుగా కోశారు. కలిసి చేసిన ఆ నాలుగు పంటల సంగతి పేటలో పిల్లలకు చెబితే కథనుకుంటున్నారు. ఎవరేమనుకుంటారోనన్న భయం ఈ వయసులో నాకు లేదు, ఎవరడిగినా చూశానండీ అని చెప్పగలను. ఏదీ చూపించమంటే ఆ పొలం లేదు.