పెద్దమ్మ పాడుకున్న వంకాయల బుట్ట

పెద్దమ్మ పోయిందని పోయిన నెలలో నంద్యాల నుంచి ఫోను వచ్చింది. ఆళ్లగడ్డ సంతలో వంకాయలు ఏరుకుంటున్నదాన్ని, అక్కడే నిలబడి ఏడ్చేశాను.

తొంభైల్లో చదువు కోసం నంద్యాలలో ఆమె ఇంట్లోనే ఉన్నాను. ఆమెతో బజారుకు వెళ్లాలంటే నాకు తలవంపుగా ఉండేది. అందరూ నిగనిగలాడే కాయలు ఏరుకుంటే, ఈమె పక్కకు తోసేసిన వంకరవి, మచ్చలవి అడిగి మరీ కొనేది. మహానంది అరటిపండ్లలోనైతే గెల నుంచి ఊడిన ఒంటి పండ్లే కావాలనేది. నేను కాయను అటూ ఇటూ తిప్పి చూశానా, "ఏందే, వంకాయకు పెండ్లిచూపులు చూస్తాండావా?" అని అందరి ముందూ అనేసేది. ఒళ్లు మండేది నాకు.

ఒక ఏడు రాళ్లవాన పడింది. బండి ఆత్మకూరు అనే ఊరి నుంచి వచ్చే కూరగాయలామె దెబ్బతిన్న వంకాయలతో సాయంత్రం దాకా కూర్చుని, చివరికి బుట్ట నెత్తికెత్తుకుంది.

"యాడికి మోస్తాండావ్ మ్మా?" అంది పెద్దమ్మ.

"కాలవలో పోస్తానక్కా. ఒక్కరూ ముట్టుకోల్యా. ఇంగ తోటకు నీళ్లు గూడా కట్టను."

పెద్దమ్మ బుట్టతో సహా కొనేసింది.

మర్నాడు చర్చిలో కోత పండుగ. ఇళ్ల నుంచి తెచ్చిన పంటను బలిపీఠం ముందు పెట్టి, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. అందరూ ఉన్నవాటిలో మంచివి తెస్తారు. ఈమె ఆ బుట్టను తీసుకెళ్లి గుమ్మడికాయల పక్కన పెట్టింది!

"దేవునికి ఇచ్చేటివేనా ఇవి?" అంది వెనక నుంచి ఒకామె.

"రాళ్లవాన గూడా ఆయన కురిపించిందే గదమ్మా" అంది పెద్దమ్మ.

వేలంలో ఆ బుట్టకు ఒక్క చెయ్యీ లేవలేదు. సంఘ పెద్ద రెండుసార్లు అడిగాడు. పెద్దమ్మ నావైపు చూసింది. నా పక్కన కాలేజీ స్నేహితురాళ్లున్నారు. నేను తల దించుకుని కీర్తనల పుస్తకం తెరిచాను. ఆ పని ఇవాళ్టికీ గుచ్చుతూనే ఉంది.

చివరికి తన బుట్టను తనే వేలం పాడుకుంది. ఆవరణలో విందు పొయ్యిల దగ్గర కత్తిపీట వేసుకుని కూర్చుంది. "మచ్చ తోలుకే గదా, రుచికి యాడుంది?" అంటూ దెబ్బ తగిలినంత మేర చెక్కి, వేరుశెనగ పొడి దట్టించి కూర వండింది. పంక్తిలో అన్నిటికంటే ముందు ఖాళీ అయింది ఆ గిన్నే. వెనక నుంచి దెప్పినామె కూడా మారు వడ్డించుకుంది. నేనే అన్నం కెలుకుతూ కూర్చున్నాను. పెద్దమ్మ ఇంకో గరిటె వేసి, "తిను తిను. ఇంగోసారి చెయ్యెత్తుదువులే" అంది.

ఆ వారమే బజారులో ఆ దెప్పినామె కూరగాయలామె బుట్ట ముందు వంగి, "మచ్చలవి ఉండాయా మ్మా?" అని అడగడం నేను చూశాను. బండి ఆత్మకూరు తోటకు మళ్లీ నీళ్లు పారాయి.

మొన్న ఆదివారం అదే చర్చిలో కోత పండుగ. పెద్దమ్మ లేని మొదటి పండుగని ఆళ్లగడ్డ నుంచి పనిగట్టుకుని వెళ్లాను. బలిపీఠం ముందు మెలితిరిగిన సొరకాయ ఒకటి ఉంది, ఎవరు తెచ్చారో. సంఘ పెద్ద దాన్ని పైకెత్తగానే నా చెయ్యి లేచింది. చూస్తే ముందు వరుసల్లో అప్పటికే ఐదారు చేతులు లేచి ఉన్నాయి.

సొరకాయ నాకు దక్కలేదు. చెయ్యి మాత్రం చాలాసేపు దించలేదు.