గాల్లో బిగించిన బోల్టు

జ్యేష్ఠమాసం, శుక్రవారం, పగలు పదకొండు గంటలు. సంవత్సరం గుర్తులేదు. శృంగవరపుకోట ఇంకా నాలుగు మైళ్లుందనగా నా గర్వం దిగిపోయిన గంట అది. ఆ రోజుల్లో నాకు రెండు ధైర్యాలుండేవి: చేతిలో స్పానరుంటే దేన్నైనా విప్పగలనని, విప్పినదాన్ని మళ్లీ బిగించగలనని. మొదటిది నిజమే.

అప్పుడు చీపురుపల్లికీ గరివిడికీ మధ్య ఒక పాత జీపు తిప్పేవాణ్ణి. దాని కుడి ముందు చక్రం గోతిలో పడ్డప్పుడల్లా కీచుమనేది. మా మావ, అంటే అమ్మ తమ్ముడు, గుళ్లో సన్నాయి వాయిస్తాడు. ఒకసారి ఎక్కి కళ్లు మూసుకుని విని, "ఒరే, నీ బండి కుడిపక్క అపశ్రుతి పాడతన్నాది. కమాను కాడ సూడు" అన్నాడు. చూస్తే అంతే. బండి బరువు మోసే ఇనప పట్టీల కమాను కట్ట రెండు కొసలా కన్నాల్లో కూర్చునే రబ్బరు బుష్షులు అరిగిపోయి, ఇనుము ఇనుముతో పోట్లాడుతోంది. షాపుకిమ్మన్నాడు మావ. నేనివ్వనన్నాను. అంతకుముందు వెనక బుష్షులు మార్చమని ఇస్తే, పాతవాటికే నల్లరంగు పూసి ఎక్కించాడు ఒక షాపువాడు (ఎవరో చెప్పను, వాడిప్పుడు పెద్దమనిషి). పైగా శుక్రవారం శృంగవరపుకోటలో దేవుడి కల్యాణానికి మావ మేళం నా జీపులోనే వెళ్లాలి. ఆ ప్రయాణంలో బండినీ నన్నూ రెండింటినీ చూసి, పిల్లనివ్వాలో వద్దో తేలుస్తానన్నాడని అమ్మ నాకు ముందే చెప్పేసింది.

అందుకని బుధవారం పొద్దున్నే, కావాలనే, మావ ఇంటి ముందు జీపుని జాకీ మీద ఎత్తాను. పనిమంతుణ్ణని వాళ్ల వీధంతా చూడాలి కదా. మరదలు సబ్బునీళ్ల గిన్నె తెచ్చింది. కొత్త బుష్షుల పొట్లం విప్పుతూ, "బావా, ఇందులో కాయితం ఉన్నాది. తెలుగులోనే ఉన్నాది. సదివి సెప్పనా?" అంది.

"కాయితం సదివితే రబ్బరు దూరుతాదేటే? ఆ గిన్నె ఇలా ఇయ్యి."

(అప్పటికి నాకు అక్షరమ్ముక్క రాదు. రాదని ఆవిడకి తెలుసు. తెలియనట్టు నటించడం ఆవిడ మంచితనం, వచ్చినట్టు నటించడం నా పొగరు.) ఆవిడ కాగితం మడిచి ఓణీ చెంగున ముడేసుకుంది. పాత బుష్షుల్ని రంపపు బ్లేడుతో కోసి తీశాను. రెండు వేళ్లు చెక్కుకుపోయాయి. కొత్తవాటికి సబ్బునీళ్లు రాసి మధ్యాహ్నానికి ఎక్కించి, చక్రం గాల్లో వేలాడుతుండగానే ఒంట్లో బలమంతా పెట్టి బోల్టులు బిగించేశాను. జాకీ దించాను. బండి కుడివైపు కొంచెం పైకే ఉండిపోయింది.

"ఏట్రా, బండి భుజం ఎగరేస్తన్నాది?" అన్నాడు మావ.

"కొత్త రబ్బరు మావా. బరువు పడితే దిగుతాది." తెలియనివాడికే అంత తడుముకోకుండా మాటొస్తుంది.

శుక్రవారం బయల్దేరాం. ముందు సీట్లో నా ఎడమపక్క మావ, వెనక డోలు వాయించే పెదనాన్న, కల్యాణం చూడ్డానికి మరదలు. కీచుమనడం పోయింది. కానీ కుడివైపు కమాను కర్రలా బిగుసుకుపోయి, గొయ్యి గొయ్యికీ మమ్మల్ని ఎగరేసింది. ఎగిరినప్పుడల్లా మావ ఎడమ తలుపు వైపు జారేవాడు, సన్నాయిని పసిబిడ్డలా పొట్టకి అదుముకుని. "సప్పుడు పోయినాది, తాళం తప్పినాది" అని వెనకనుంచి పెదనాన్న. చివరికి రోడ్డు పక్క ఒక రేకుల షెడ్డు చూపించి ఆపమన్నాడు మావ.

"షాపోడు రంగేసి అంటగడతాడు మావా."

"సూపించడానికి బయమేటి?"

షెడ్డులో ముసలి మెకానిక్కు లేవను కూడా లేదు. కూర్చున్నచోటి నుంచే బండి వాలు చూసి, "బాబూ, బోల్టు బిగించినప్పుడు సక్రం నేల మీదున్నాదా, గాల్లో ఉన్నాదా?" అనడిగాడు. నేను ఆకాశం చూశాను. వెనక సీట్లో ముడి విప్పిన చప్పుడు. మరదలు కాగితం తీసి నెమ్మదిగా చదివింది: "బండి బరువు చక్రాల మీద పడిన తరువాతే బోల్టులను పూర్తిగా బిగించవలెను."

"గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడిపోతాది. నాల్రోజుల్లో సిరిగిపోతాది" అన్నాడు ముసలాయన. ఎవరినీ దిగనివ్వకుండా బోల్టులు వదులు చేసి, అందర్నీ కూర్చునే నాలుగుసార్లు ఊగమన్నాడు. మావ, పెదనాన్న, మరదలు, నేను బుద్ధిగా ఊగాం. బండి భుజం దించింది. అప్పుడు బిగించాడు. "పని బాగానే సేసినావు. ఆఖరి మాటొక్కటే అడగలేదు."

కోట దాకా మావ నా వైపు తిరక్కుండా రోడ్డే చూశాడు. నా పెళ్లి ఆ షెడ్డు దగ్గరే దిగిపోయిందనుకున్నాను. గుడి ముందు దిగి, సన్నాయి సంచి భుజానికి తగిలించుకుని, "ఒరే, పిల్లనిస్తాను. కాయితం ఏదైనా వస్తే దానికియ్యి" అని వెళ్లిపోయాడు.

యాభై దాటాక ఆవిడ దగ్గరే పలక పట్టాను. అక్షరాలయ్యాక నాతో మొదట చదివించింది ఆ కాగితాన్నే. మూడు పాళ్లు మరకలు, ఒక పాలు తెలుగు. అరగంట పట్టింది. రెండు రోజులు చెంగున ఎందుకు కట్టుకుని తిరిగావని అడిగితే, "నువ్వు అడుగుతావని" అంది. ఇప్పటికీ మా కారు బుష్షులు నేనే మారుస్తాను. ఆఖరి బిగింపు మాత్రం షాపుకి తీసుకెళ్లి, సరిగ్గా ఉందా అని అడిగి మరీ వేయిస్తాను. అక్కడ కుర్రాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

ఆ రోజు ఆ షెడ్డు దగ్గర ఉన్నవాళ్లం: ఒళ్లో సన్నాయితో మావ, డోలు పెదనాన్న, ముసలి మెకానిక్కు, మరదలు, నేను. అడిగితే చెప్పేవాళ్లు నలుగురు. అడగనివాడు ఒక్కడు.