వెదురు బంతికి వచ్చిన బహుమతి

ఆ బహుమతి నాది కాదని నిరుటి దాకా ఎవరికీ చెప్పలేదు.

తొంభైలలో భద్రాచలం దగ్గర కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌ని. సైన్స్ ప్రదర్శన కోసం, అరవై కార్బన్ పరమాణువులు బంతిలా కలిసే పంజరాన్ని వెదురుతో అల్లబోయాను. అన్నీ ఆరు మూలల గళ్లే పెడితే అది చాపలా పరుచుకుంది.

బుట్టలల్లే ముత్తయ్య నవ్వాడు. "గిట్లయితే బంతెట్లయితది సారూ? నడుమ నడుమ ఐదు మూలలవి పెట్టాలె." అతనే అల్లి ఇచ్చాడు.

దానికి పూసలు గుచ్చి, "పంజరానికి ఇలా వేరే అణువులు తగిలిస్తే రేపు మందులకూ ఎలక్ట్రానిక్స్‌కూ పనికొస్తుంది" అని ప్రదర్శనలో ఉపన్యాసం దంచాను.

"ఐదు మూలలవి ఎందుకు?" అన్నారు జడ్జి. ఎమ్మెస్సీ చదివిన నేను బంతికున్న పూసలు సర్దసాగాను.

"అవి లేకుంటే వంగదు సారూ," అన్నాడు నాతో వచ్చి వెనక నిలబడ్డ ముత్తయ్య.

"ఎవరితను?"

"మోసుకొచ్చిన కూలోడు సార్," అన్నాను. మొదటి బహుమతి నాకే ఇచ్చారు.

నిరుడు అతని ఇంటికి వెళ్లి, మనవల ముందే చెప్పాను: "అన్నా, నాడు నిన్ను కూలోడన్న. అల్లింది నువ్వు, జవాబు చెప్పింది నువ్వు. తప్పు నాదే, క్షమించు."