కాండిల్‌లో ఆగనిది

2004 వేసవిలో నన్ను టెక్కలి శివార్లలోని ఒక చిన్న పింగాణీ కర్మాగారానికి ప్రొడక్షన్ ఇంజనీరుగా వేశారు. అక్కడ తయారయ్యేవి నీటి ఫిల్టర్లలో బిగించే తెల్లటి కాండిళ్లు. కిడ్నీ జబ్బు భయం కొద్దీ ఉద్దానం ఊళ్లలో వాటికి గిరాకీ ఉండేది.

నేను చేరేనాటికి చాలా సరుకు పనికిరాకుండా పోతోంది. బట్టీలోంచి వచ్చిన కాండిళ్లలో నీళ్లు దిగేవి కావు, కొన్ని పగిలిపోయేవి. మేనేజరు బట్టీని అనుమానించారు. నేను మాత్రం వాటిని తయారుచేసే పొడిని పరిశీలించాను. మట్టినీ రాతిపొడినీ నీళ్లతో కలిపి బాల్ మిల్లులో, అంటే గుండ్లు వేసిన తిరుగుడు డ్రమ్ములో, షిఫ్టంతా తిప్పేవారు. ఎంత మెత్తగా ఉంటే అంత మంచిదని వారి నమ్మకం. రేణువు ఎంత చిన్నదైతే కాల్పులో పక్కదానితో అంత తొందరగా అతుక్కుంటుంది, మధ్య సందులు మూసుకుపోతాయి. కప్పులకూ సాసర్లకూ కావలసింది అదే. కాండిల్‌కు మాత్రం ఆ సందులే ప్రాణం. తిప్పిన ముద్దను ఎండబెట్టాక పొడిలో మిగిలిన గడ్డలేమో చుట్టూ ఉన్నదానికంటే ముందే ముడుచుకుని పగుళ్లు తెచ్చేవి. తిప్పే సమయం తగ్గించి, గడ్డలు నలిపి జల్లెడ పట్టించాను. బట్టీ వేడి మార్చలేదు. కాండిళ్లు బాగా వచ్చాయి.

మిల్లు ఆపరేటరు ధర్మారావుది ఉద్దానం. మొదటి మంచి సరుకులో ఒకటి చేతిలో పట్టుకుని అడిగాడు.

"సారూ, మా ఇంటిదానికి కిడ్నీలు పాడైపోనాయి. ఈ నీల్లు తాగితే తగ్గుద్దేటి?"

మట్టి, క్రిములు చాలావరకు ఆగుతాయనీ, నీళ్లలో కరిగినది ఆగదనీ, అసలు ఆ జబ్బు నీటివల్లేనని డాక్టర్లే తేల్చలేదనీ చెప్పాను.

"మరి మావోళ్లంతా దానికోసమే కొంటన్నారు కదండీ" అన్నాడు. "మట్టయినా ఆగుద్దిలెండి" అంటూ దాన్ని తువ్వాల్లో చుట్టుకున్నాడు.

తర్వాత మేనేజరు అట్టపెట్టెల మీద 'కిడ్నీలకు రక్షణ' అని అచ్చు వేయించబోయారు. ఆ మాట ఉంటే సరుకు నాణ్యత పత్రం మీద సంతకం పెట్టనన్నాను. తీసేశారు. అడిగినవారికి ఉన్నమాటే చెప్పమని అమ్మేవాళ్లతో అన్నాను. ఉద్దానంలో అమ్మకాలు పడిపోయాయి. మరుసటి ఏడాది కర్మాగారం మూతపడింది. అప్పటికే ధర్మారావు భార్య చనిపోయింది. అతను భావనపాడు రేవులో చేపల బుట్టలు మోసే పనికి కుదిరాడు. వెళ్లేముందు నాతో అన్నాడు: "తమరు అబద్దం సెప్పలేదు సారూ. కానీ మా పని పోనాది."



పింగాణీ వస్తువు ఏం చేయగలదో చాలావరకు పొడి దశలోనే తేలిపోతుంది. ఏం చేయలేదో చెప్పడం తయారుచేసినవాడి బాధ్యత. అలా చెప్పినందుకు వచ్చే నష్టం మాత్రం చెప్పినవాడి ఒక్కడి మీదే పడదు.