మామగారి సంతకం

పాపను సిడ్నీ నుంచి నరసరావుపేట దగ్గర మా పుట్టింటికి తీసుకొచ్చేసినప్పుడు దానికి నాలుగేళ్లు. మా ఆయన ఆఫీసుకు వెళ్లాక సూట్‌కేసు సర్దాను. నా బిడ్డను నేను తీసుకెళ్తే ఇంకొకరిని అడగాలా అనుకున్నాను. మూడో నెలలో అక్కడి కోర్టు కాగితం వచ్చింది. తండ్రి ఒప్పుకోలేదు, బిడ్డను వెంటనే తిరిగి తీసుకురావాలి అని.

నాన్న పెద్దమనుషుల్ని పిలిచాడు. మిరప కల్లంలో కుర్చీలు వేశారు. ఘాటుకు దగ్గుతూనే బిడ్డ తల్లి దగ్గరే ఉండాలని తేల్చారు. స్టాంపు కాగితం మీద రాసి, మా ఆయన ఊళ్లో లేడు కాబట్టి మామగారి చేత సంతకం పెట్టించారు. మా వైపు అంతే. తండ్రి పెడితే కొడుకు పెట్టినట్టే. గట్టు తగాదాలన్నీ అలాగే తెగేవి.

"మరి ఆ కోర్టు కాగితం సంగతేంటి బాబాయ్?" అని వాళ్లలో పెద్దాయన్ని అడిగాను.

"ఆ దేశం కోర్టుకి మనూళ్లో పనేంటమ్మా? బీరువాలో పడెయ్!" అన్నాడు.

పడేశాను. మా ఆయన ప్రతి ఆదివారం ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేసేవాడు. పాప నా పక్కనే ఆడుకుంటున్నా, "నిద్రపోతోంది" అని పెట్టేసేదాన్ని. ఆయన గొంతు వణికితే నాకు కడుపు నిండినట్టుండేది. అవును, నేను అలాంటిదాన్నే.

రెండేళ్లకు ఆయనే మెత్తగా, "ఇద్దరూ రండి, మాట్లాడుకుందాం" అన్నాడు. స్టాంపు కాగితం హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని ధీమాగా విమానమెక్కాను. సిడ్నీ ఎయిర్‌పోర్టులోనే పోలీసులు పాపను నా దగ్గర్నుంచి తీసుకున్నారు. అది నా చున్నీ పట్టుకుని అరిచింది. చున్నీ దాని చేతిలోనే వెళ్లిపోయింది.

జడ్జి ఆ కాగితాన్ని అనువాదం చేయించుకుని చదివింది.

"ఇందులో బిడ్డ తండ్రి సంతకం ఏది?" అని అడిగింది.

మామగారి సంతకం చూపించాను.

"ఈయన తాత కదా," అంది.

పాపను ఆయనకే ఇచ్చారు. దాన్ని దేశం దాటించడానికి వీల్లేదన్నారు. నాకు వారానికి ఒక ఫోన్. ఆయన మీద ఆధారపడిన నా వీసా కూడా పోయింది. ఒక్కదాన్నే పుట్టింటికి తిరిగొచ్చాను.

ఊళ్లో పెద్దాయన ఇప్పటికీ తీర్పులు చెబుతున్నాడు. ఆ నోట్లో గుప్పెడు కారం కొట్టాలనిపిస్తుంది.

ఆదివారం పొద్దున పదిన్నరకు ఫోన్ చేస్తాను. అక్కడప్పుడు మధ్యాహ్నం మూడు. వెనక పాప నవ్వులు వినబడుతూనే ఉంటాయి.

"నిద్రపోతోంది," అంటాడు మా ఆయన.